జగ్గమ్మ బండి సోదా

ఉదయం ఏడు కొట్టేసరికి కలకత్తా భవానీపూర్‌లోని ఆ సందు మొదట్లో జగ్గమ్మ విజిల్ మోగుతుంది. ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా. కార్పొరేషన్ వాళ్ళిచ్చే విజిల్ అందరికీ ఒకటే గానీ ఊదే తీరు ఎవరిది వాళ్ళదే. అది వినపడగానే పాత ఇళ్ళలోని జనం ఎక్కడి పనులు అక్కడ వదిలేసి చెత్త బకెట్లు పట్టుకుని దిగుతారు. పళ్ళు తోముకుంటున్న పెద్దమనిషి నోట్లో బ్రష్షుతోనే దిగుతాడు. ఆలస్యం చేసేవాళ్ళ కోసం తను ఆగనని జగ్గమ్మ చెబుతుంది. అది ఒట్టి మాట. ఆగుతుంది, కాకపోతే తిట్టి మరీ ఆగుతుంది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. మామగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి కలకత్తా కార్పొరేషన్‌లో ఊడ్చే పనికి కుదిరాడు. ఆయన తర్వాత కొడుకు పోలిరాజు అదే సందులో చెత్తబండి తోశాడు. ఇరవై రెండేళ్ళ కిందట పోలిరాజు జ్వరమొచ్చి పోతే ఆ ఉద్యోగం భార్యకిచ్చారు. మొదటి రోజు ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని, విజిల్ నోట్లో పెట్టుకుని, ఊపిరి చాలక అలాగే నిలబడిపోయిందట. ఇప్పుడు అదే విజిల్‌కి వీధి చివర ట్యాక్సీలో కునికిపాట్లు పడే డ్రైవరు కూడా ఉలిక్కిపడి లేస్తాడు. ఆ సందును ఆమె 'నా సందు' అంటుంది. అది కార్పొరేషన్‌దీ కాదు, అందులో కాపురముండేవాళ్ళదీ కాదు.

సందు వెనకే కార్పొరేషన్ క్వార్టర్స్. అందులో సగం తెలుగువాళ్ళే. ఆ క్వార్టర్స్‌కి చెడ్డపేరు. జీతాల శనివారం నాడు తాగి అరుచుకుంటారు, జుట్లు పట్టుకుంటారు, మర్నాడు పొద్దున్నే ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. కానీ పగలు ఏ తలుపుకీ తాళం ఉండదు. వేసి ఉంటే ఆ ఇంట్లో ఎవరికో బాగోలేదేమోనని పక్కింటివాళ్ళు కంగారుపడతారు.

జగ్గమ్మకు అక్షరం ముక్క రాదు. అయితేనేం, చెత్త చదువుతుంది. ఎవరింట్లో ఇలిస చేప వండారో, ఎవరికి షుగరొచ్చి మిఠాయి మానేశారో, ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం లేదో బకెట్ ఒంపగానే చెప్పేస్తుంది. రెండు రోజులు వరసగా బకెట్ దిగకపోతే మెట్లెక్కి తలుపు కొడుతుంది. పాత ఇళ్ళవాళ్ళకు అది అలవాటే. ఒకసారి అలా వెళ్ళే, స్నానాల గదిలో జారిపడి లేవలేకపోతున్న ఒంటరి పంతులమ్మను బయటికి తీసింది. అప్పటి నుంచి ఊరెళ్ళేవాళ్ళు ముందుగా ఆమెకే చెప్పి వెళ్ళేవారు, లేకపోతే వచ్చేసరికి తలుపు దగ్గర గొడవ గొడవైపోతుందని.

ఇలా సాగుతున్న సందులో ఆరేళ్ళ కిందట ఒక పాత లోగిలి పడగొట్టి అయిదంతస్తుల భవనం లేపారు. దానికి 'శాంతినీర్' అని పేరు పెట్టారు. శాంతిగూడు అని అర్థం. శాంతి నిజంగానే ఉంది అందులో. ఇరవై ఇళ్ళు, ఒకరితో ఒకరికి మాట లేదు, ఇక అశాంతి ఎక్కడి నుంచి వస్తుంది? గేటు ఉంది, గేటుకో గార్డు ఉన్నాడు, కెమెరా ఉంది, లిఫ్టు ఉంది. పాత లోగిలికి వీధి పొడవునా ఉండిన అరుగు మాత్రం లేదు, అది ఉన్నచోట కార్లు పెట్టుకున్నారు. విజిల్ ఊదితే అక్కడ ఎవరూ దిగరు. రాత్రే తలుపు బయట సంచులు పెడితే గార్డు వాటిని డ్రమ్ములో వేసి గేటు దగ్గరకు దొర్లిస్తాడు. తడి చెత్త, పొడి చెత్త కలిపేసేవాళ్ళను పట్టుకోవాలని అపార్ట్‌మెంటు కమిటీవాళ్ళు సంచి సంచికీ ఇంటి నంబరు రాయించారు. అంకెలు జగ్గమ్మకు తెలుసు, పక్కనుండే ఎ బి సి డి నాలుగూ చూసి చూసి గుర్తుపట్టేసింది. అందువల్ల శాంతినీర్‌లో ఆమెకు ముఖాలు తెలియవు గానీ సంచులన్నీ తెలుసు.

మొన్నటి చలికాలంలో అరుంధతి వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేసే పిల్ల. కళ్ళజోడు, భుజాన గుడ్డసంచి, చేతిలో ఆ వార్డు పటం. ఏ పేటలో దొంగతనాలు ఎక్కువ, ఏ పేటలో తక్కువ, ఎందుకు అన్నది ఆమె చదువు. రెండు వారాలు జగ్గమ్మ బండి వెంట నడిచింది. ముక్కు మూసుకోలేదు, అందుకే జగ్గమ్మకు నచ్చింది. సందులో అందరిలాగే ఆమెను మాషీ అనేది, అంటే పిన్ని.

"నూరేళ్ళ కిందట అమెరికాలో ఒక పెద్ద నగరంలో ఇలాగే పటం వేశారు మాషీ" అని ఒకరోజు ఆ పిల్ల బెంగాలీలో చెప్పుకొచ్చింది. "కొన్ని పేటల్లో ఎప్పుడూ నేరాలే. అక్కడి జనం వెళ్ళిపోయి వేరే దేశం జనం వచ్చి చేరారు. వాళ్ళూ పోయి ఇంకొకళ్ళొచ్చారు. అయినా నేరాలు ఆ పేటల్లోనే ఉండిపోయాయి. అంటే తప్పు మనుషుల పుట్టుకలో లేదు. వచ్చేవాళ్ళు వస్తూ పోయేవాళ్ళు పోతూ ఉంటే ఎవరికి ఎవరూ తెలియరు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. దొంగకి అదే కావాలి."

జగ్గమ్మ బండి ఆపి ఆమెను ఎగాదిగా చూసింది.

"ఇది తెలియడానికి అమెరికా దాకా ఎందుకు? నన్నడిగితే చెప్పేదాన్ని కదా!"

అరుంధతి నవ్వి తన కాగితాలు తీసింది. అందులో ఒక ప్రశ్న: మీ వీధిలో కొత్త మనిషి తచ్చాడుతుంటే ఎవరైనా ఆపి అడుగుతారా? పాత ఇళ్ళవాళ్ళంతా అడుగుతామన్నారు. క్వార్టర్స్‌లో అయితే 'అడగడమేంటి, ముందు పట్టుకుంటాం' అన్నారు. శాంతినీర్‌లో ఇరవై ఇళ్ళలో పదిహేడు మంది 'ఎవరూ అడగరు' అన్న చోట గీత పెట్టారు. ఒకాయన 'గార్డు ఉన్నాడు కదా' అని పక్కన రాశాడు కూడా.

గార్డు ఉన్నాడు నిజమే. కానీ జనవరిలో పట్టపగలు శాంతినీర్‌లో మూడిళ్ళు దోచుకున్నారు. మూడూ ఇంటివాళ్ళు ఊళ్ళో లేని ఇళ్ళే. కెమెరాలో దొంగ టోపీ చక్కగా కనిపించింది, ముఖం కనిపించలేదు. డెలివరీ మనిషి అనుకున్నానన్నాడు గార్డు. ఎవరెప్పుడు ఉండరో లోపలి కబురు ఎవరో అందిస్తున్నారని కమిటీలో గుసగుసలు మొదలయ్యాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అయితే ఆ ఇంటి దొంగను తమ ఇరవై ఇళ్ళలో వెతకడానికి ఎవరికీ మనసొప్పలేదు. వెనకాలే చెడ్డపేరున్న క్వార్టర్స్, రోజూ వచ్చే బండి, బండిలో చెత్త కింద ఏం పోతోందో ఎవరు చూశారు? అలా అందరి చూపూ ఒకవైపే తిరిగింది.

ఆదివారం ఉదయం కార్లు పెట్టే చోట కుర్చీలు వేసి జగ్గమ్మను పిలిచారు. కమిటీ సెక్రటరీ అభిజిత్‌బాబు సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగి. మర్యాదస్తుడు. గొంతు పెంచకుండానే అడిగాడు.

"తప్పుగా అనుకోకండి మాషీ. మా ఇళ్ళలో ఎవరెప్పుడు ఉండరో మీకేమైనా తెలుస్తుందా?"

నోరా వీపుకు తేకే అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇంకెవరైనా అయితే 'నాకేం తెలుసు బాబూ' అని ఊరుకునేవారు. కానీ ఇరవై రెండేళ్ళుగా తెలిసి ఉండడమే తన పనితనమనుకున్న మనిషి జగ్గమ్మ. ఆ మెచ్చుకోలు శాంతినీర్‌లో ఆమెకు ఎన్నడూ దక్కలేదు. ఇన్నాళ్ళకు అడిగారు కదా అని ముఖం వికసించింది.

"తెలియకేం బాబూ! మూడు-బి వాళ్ళ సంచి బుధవారం నుంచి లేదు. దీఘా బీచికి వెళ్ళుంటారు, వెళ్ళేముందు పెరుగూ బ్రెడ్డూ పారేశారు. రెండు-ఎ లో ఇద్దరూ పొద్దున తొమ్మిదికల్లా వెళ్ళిపోతారు, ఆదివారం తప్ప ఆ ఇంట్లో వంట లేదు. నాలుగు-బి లో పసిబిడ్డ. అయిదు-సి లో పెద్దావిడ ఒక్కతే ఉంటుంది, మందుల రేకులు తప్ప ఏముండవు పాపం. నాలుగు-డి వాళ్ళు నెలలో రెండోవారం..."

అలా ఇరవై ఇళ్ళూ చెప్పేసింది. చెప్పి, పద్యం తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లలా చుట్టూ చూసింది. రెండు-ఎ ఆవిడ మొగుడి మోచేయి పట్టుకుంది. వెనక ఎవరో "ఇంకా సాక్ష్యం కావాలా?" అన్నారు. అప్పటికి గానీ జగ్గమ్మకు తను ఏ ప్రశ్నకు జవాబు చెప్పిందో అర్థం కాలేదు.

ఇంటికొచ్చేసరికి కూతురు కృష్ణకుమారికి కబురు అందనే అందింది. ఆ పిల్ల సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో పనిచేస్తుంది. తెలుగు ఇంట్లోనే మాట్లాడుతుంది, కోపమొస్తే మాత్రం మహా స్వచ్ఛంగా మాట్లాడుతుంది.

"నీకు బుద్ధుందేటమ్మా? ఆలడిగితే ఈలడిగితే అన్నీ సెప్పేయడమేనేటి?"

"నాను దొంగతనం సేసినానేటి, దాసుకోడానికి? తెలిసింది సెప్పినాను."

"తెలవడమే తప్పంతన్నారు ఆలు!"

"తెలవకుండా సెత్తెలా ఎత్తుతారే?" అంది జగ్గమ్మ. ఆ మాటన్నాక ఆమెకు ఏడుపు ఆగలేదు. దొంగ అన్న మాట మామగారి కాలం నుంచీ ఆ ఇంటి గడప తొక్కలేదు. కూతురు కోపం మరిచిపోయి పక్కన కూర్చుంది.

మంగళవారం సూపర్‌వైజర్ ఆశిష్‌బాబు కమిటీ ఫిర్యాదు పట్టుకుని వచ్చాడు. ఆయనకు జగ్గమ్మ సంగతి తెలుసు. అయినా కాగితం కాగితమే. "ఒక నెల చూస్తాను మాషీ. ఇంకొక్క దొంగతనం జరిగితే నిన్ను వేరే వార్డుకు మార్చక తప్పదు. ఎందుకు మార్చానో కూడా రాయాలి" అన్నాడు. జగ్గమ్మ రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. సందు పోతుంది, పేరూ పోతుంది. ఏ తప్పూ చేయకుండానే దొంగ అన్న మచ్చతో విజిల్ అప్పజెప్పి వెళ్ళాలి.

జగ్గమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆశిష్‌బాబునూ అభిజిత్‌బాబునూ గేటు దగ్గరే నిలబెట్టింది.

"అయితే నా బండి సోదా చెయ్యండి. రోజూ చెయ్యండి. గార్డు చేస్తే ఒప్పుకోను, వాడూ నేనూ కుమ్మక్కయ్యామంటారు రేపు. ఏ ఇంటి సంచి ఆ ఇంటివాళ్ళే తెచ్చి, బండిలో ఏముందో కళ్ళతో చూసి వెళ్ళండి. ఇరవై ఇళ్ళూ రావాలి!"

ఇదంతా ఆమె ముందే ఆలోచించి వేసిన ఎత్తు అనుకునేరు. కాదు. కోపమొచ్చింది, అంతే. అభిజిత్‌బాబుకు కాదనడానికి కారణం దొరకలేదు. సోదా వద్దంటే ఫిర్యాదే అబద్ధమవుతుంది మరి.

మర్నాడు పన్నెండు మంది దిగారు. నిద్రముఖాలతో, రెండు వేళ్ళతో సంచి పట్టుకుని, ఒకరినొకరు చూడకుండా నిలబడ్డారు. జగ్గమ్మ ఇనప కొంకితో బండిలోని చెత్తంతా అడుగు దాకా తిరగదోడి చూపించింది. కావాలనే చేపతలల మూట ముందు విప్పింది. "చూసుకోండి బాబూ, బాగా చూసుకోండి, మీ బంగారమేమైనా ఉందేమో" అంటుంటే ఎదుటి పాత ఇళ్ళవాళ్ళు అరుగుల మీద నిలబడి విన్నారు. బ్రష్షు పెద్దమనిషి నురగ ఉమ్మేసి, "ఇరవై రెండేళ్ళుగా ఎరిగిన మనిషిని సోదా చేస్తారా? సిగ్గుండాలి!" అని కేకలేశాడు. అయిదు-సి పెద్దావిడ భానుదీదీ తగ్గలేదు. "మూడిళ్ళు పోయింది మావి, మీవి కాదు!" అంది. ఆ పోట్లాట పావుగంట సాగింది. ఆరేళ్ళలో శాంతినీర్‌కీ ఎదుటి ఇళ్ళకీ మధ్య జరిగిన మొదటి సంభాషణ అదే.

పోట్లాడుకున్నాక మరి పరిచయం కాక ఏమవుతుంది? నాలుగో రోజుకి పెద్దమనిషి, భానుదీదీ ఇద్దరూ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారని తేలింది. మొదటిరోజు రానివాళ్ళు కూడా ఒక్కొక్కరే దిగసాగారు. లిఫ్టులో నలుగురికి మించి పట్టరు, కిందికి రావడానికి వరస కట్టాలి. వరసలో నిలబడి లిఫ్టును తిట్టుకోవడంతో ఇరవై ఇళ్ళకూ మొదటిసారి ఒక్కమాట కుదిరింది. అభిజిత్‌బాబుకు పై ఇంటాయన కనిపించి "మిమ్మల్ని ఎక్కడో చూశానే" అన్నాడు. ఇద్దరూ ఏడాదిగా ఒకే ఆఫీసు బస్సులో ముందూ వెనకా సీట్లలో కూర్చుంటున్నారు! రెండో వారానికి నాలుగు-బి పసిబిడ్డ చేతులు మారడం మొదలుపెట్టింది. తల్లి సంచి వేసొచ్చేలోపు ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. జగ్గమ్మ ముఖం మాత్రం ఇంకా ముడుచుకునే ఉంది. అడుగు దాకా తిరగదోడి చూపించడం ఒక్కరోజు కూడా మానలేదు.

మూడో వారంలో ఒకరోజు, బండి చుట్టూ జనం ఉండగానే, నీళ్ళ ఫిల్టర్ కంపెనీ చొక్కా తొడుక్కున్న ఒక మనిషి పనిముట్ల సంచితో గేటు లోపలికి నడిచాడు. గార్డు ఏ ఇంటికని అడిగితే "నాలుగు-బి" అన్నాడు.

"నాలుగు-బి మాదే. మేమెవర్నీ పిలవలేదే?" అంది పసిబిడ్డ తల్లి.

"మీది ఏ కంపెనీ? కార్డేది?" అన్నాడు అభిజిత్‌బాబు.

"ఆయన్ని లోపలికి పంపకండి, ముందు ఫోన్ చేసి కనుక్కుందాం" అంది భానుదీదీ. ఎదుటి అరుగు మీది నుంచి పెద్దమనిషి కూడా దిగి వచ్చాడు. కార్డు స్కూటర్ మీద మరిచిపోయానని వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. వాడు దొంగో, ఇల్లు తప్పి వచ్చిన అమాయకుడో దేవుడికెరుక. కానీ ఆ సాయంత్రం అరుంధతి తన పాత ప్రశ్న పట్టుకుని మళ్ళీ ఇరవై ఇళ్ళూ తిరిగితే, 'ఎవరూ అడగరు' అన్నవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఆ పిల్ల సంతోషం పట్టలేక క్వార్టర్స్‌కి పరిగెత్తుకొచ్చింది. జగ్గమ్మ ఆమెకు టీ ఇచ్చి, "నాకింకా తొమ్మిది రోజులుంది తల్లీ, అప్పుడే సంబరమేమిటి" అంది.

ఆ తొమ్మిది రోజులూ గడిచాయి. నెలలో ఒక్క సూది కూడా పోలేదు. ఆదివారం మళ్ళీ కుర్చీలు వేశారు. ఈసారి జగ్గమ్మకూ ఒక కుర్చీ వేశారు. కృష్ణకుమారి కూడా వచ్చి తల్లి పక్కన నిలబడింది. ఆశిష్‌బాబు ఫిర్యాదు కాగితం అందరి ముందూ చింపేశాడు. అభిజిత్‌బాబు లేచి, మర్యాదస్తుడు కదా, చేతులు జోడించాడు.

"మమ్మల్ని క్షమించండి మాషీ. రేపటి నుంచి సోదా ఉండదు. మీకూ మాకూ ఈ అవస్థ తప్పుతుంది. ఇదివరకటిలాగే గార్డు డ్రమ్ము తెచ్చి గేటు దగ్గర పెడతాడు."

పేరు దక్కింది, సందు దక్కింది. నెల రోజులుగా ఆమె కోరుకున్నది అదే. కానీ డ్రమ్ము అన్న మాట వినగానే జగ్గమ్మ ప్రాణం ఉసూరుమంది. ఆమె ముఖం చూసి కూతురు చెవిలో "అమ్మా, నోర్మూసుకోయే, ఒప్పేసుకో" అంది తెలుగులో.

జగ్గమ్మ నోరు ఏనాడు మూసుకుంది గనక! లేచి నిలబడింది.

"సోదా ఆపొద్దు బాబూ."

అందరూ విస్తుపోయారు.

"ఈ నెల్లాళ్ళూ మీ ముఖాలు చూశాను. ఆ డ్రమ్ము ముఖం చూసి నేనేం చేసుకోను? మీరు దిగడం మానేస్తే వారం తిరక్కుండా మళ్ళీ ఒకరికొకరు కొత్తవాళ్ళవుతారు. ఎవడొచ్చాడో ఎవడు పోయాడో ఎవరికీ తెలియదు. మళ్ళీ ఒక ఇల్లు పోతుంది, మళ్ళీ నా పేరే చెబుతారు. దానికంటే రోజూ సోదా చేయించుకోవడమే నాకు నయం."

అరుంధతి గోడ పక్కన నిలబడి ఉంది. ఇదంతా పుస్తకాల భాషలో చెప్పగలిగిన మనిషి ఆ గుంపులో ఆమె ఒక్కతే, కానీ నోరు మెదపలేదు. అభిజిత్‌బాబు ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. దొంగ కాదని తెలిసిన మనిషి బండిని ఏ ముఖం పెట్టుకుని సోదా చేస్తారు?

భానుదీదీ చేతికర్ర నేలకు తాటించి లేచింది.

"సోదా అంటే మాత్రం నేను రాను. మాషీ విజిల్ ఊదితే వస్తాను, అంతే." అని, ఏదో గుర్తొచ్చినట్టు అందరికీ వినపడేలా అంది: "అన్నట్టు మాషీ, బుధవారం షాలిమార్ స్టేషన్‌లో పూరీ రైలు ఎక్కుతున్నాను. మా చెల్లెలి దగ్గర పది రోజులుంటాను. ఇంట్లో ఎవరూ ఉండరు. కాస్త చూస్తూ ఉండు."

జగ్గమ్మ తల ఊపింది. ఇంతలో రెండు-ఎ ఆవిడ ముందుకొచ్చి, వచ్చే శనివారం తామూ ఉండమని, పాలవాడికి చెప్పడం మరిచిపోయామని మొదలుపెట్టింది. ఆవిడ మాట పూర్తికాకుండానే నాలుగు-డి ఆయన తమ ప్రయాణం సంగతి అందుకున్నాడు. వెనక నుంచి ఇంకెవరో "మేము కూడా మాషీ" అంటున్నారు. జగ్గమ్మ కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది.

"ఒక్కొక్కరే చెప్పండి బాబూ! నాకు రాసుకోవడం రాదు, గుర్తుపెట్టుకోవాలి."